ముకుందం సామి జతపరిచిన కాగితం

ముకుందం సామి తన జీవితంలో ఏ ఉత్తరాన్నీ ఒంటరిగా పంపలేదు. ఆడపిల్లను పొరుగూరికి పంపేటప్పుడు ఎవరినో ఒకరిని తోడిచ్చినట్టు, ప్రతి ఉత్తరం వెంట ఇంకో కాగితాన్ని పంపేవాడు. ఉత్తరం అడుగున ఎడమవైపు "జతపరచినవి" అని రాసి గీత గీసేవాడు. ఆ గీత కింద ఖాళీగా ఉంటే ఆయనకు ఉప్పు లేని పప్పు తిన్నట్టు ఉండేది.

ఒక గుడి ట్రస్టు ఆఫీసులో తపాలా సీటులో కూర్చుని రిటైరైన మనిషి. అధికారులు మారారు, బీరువాలు మారాయి, గోడ మీద సున్నం రంగు మారింది. ఆ సీటూ, అందులో ఆయనా మారలేదు. వచ్చిన కాగితానికి నంబరు వేయడం, పోయే కాగితానికి తోడు వెతకడం, ఇదే ఆయన చేసిన సేవ. నుదుట నిలువు నామం, ఇస్త్రీ చొక్కా, జేబులో గుండుసూదుల డబ్బా. లోపల స్వామికి పూలమాల కట్టేవాళ్లకైనా అప్పుడప్పుడు చెయ్యి తొందరపడుతుందేమో గానీ, బయట ఈయన గుండుసూది గుచ్చేటప్పుడు మాత్రం తొందర ఉండేది కాదు.

కష్టం రిటైరైన తర్వాత వచ్చింది. ఆయనకు కాదు, ఆయన భార్య కోమలవల్లమ్మకు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే మనిషితో సంసారం ఎలా చేయాలో ఆమెకు బాగా తెలుసు. పగలంతా ఇంట్లో ఉండే మొగుడితో ఎలా చేయాలో ఎవరూ నేర్పలేదు. ఆయనేమో వంటింట్లో ఆఫీసు తెరిచాడు. కూరగాయల సంచి గుమ్మం దగ్గర ఆపి నంబరు వేయనిదే లోపలికి పోనివ్వడు. చింతపండు డబ్బా మీద "అసలు" అనీ, చిన్న డబ్బా మీద "నకలు" అనీ చీటీలు అంటించాడు. ఒకరోజు రసంలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి ఆమెకు కాగితం రాసిచ్చాడు. దానికి రసం గిన్నె జతపరిచాడు.

ఆ మరుసటి పొద్దున కోమలవల్లమ్మ మా అంగడికి వచ్చింది. తిరుపతి కొర్లగుంటలో మాది ఫోన్ల రిపేరు అంగడి. మా నెత్తి మీద డాక్టర్ వకుళ గారి పళ్ల క్లినిక్.

"జియా, పైన డాక్టరమ్మ కాడ ఏదన్నా కుర్చీ ఖాళీ ఉందేమో కనుక్కో నాయనా."

"ఎవురికమ్మా?"

"ఈయనకే. జీతం ఈకపోయినా పర్వాలా. పొద్దన పొయ్యి సాయంత్రం వస్తే సాలు. లేకుంటే నేనే యాడికన్నా పోవాల."

కుర్చీ నిజంగానే ఖాళీగా ఉంది. వకుళమ్మది తేలిక చెయ్యి. పన్ను పీకేసిన తర్వాత కూడా "ఎప్పుడు పీకుతారమ్మా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. కానీ ఎదురుగా అద్దాల మేడలో ఏసీ క్లినిక్ ఒకటి వచ్చింది. ఆ అద్దాల్లో తమ మొహాలు చూసుకున్న జనం నెమ్మదిగా అటు తిరిగారు. డాక్టరమ్మ భయపడి బెంగళూరు కంపెనీ ఒకదాన్ని సలహా అడిగితే, పాత పేషెంట్లందరికీ మెయిళ్లు పంపమని వాళ్లు చెప్పారు. ఆ మెయిళ్లు పంపే కుర్చీలో ముకుందం సామి కూర్చున్నాడు.

మా వైపు మెయిలు లేని మనిషి లేడు. ఫోను కొన్నరోజే అంగడివాడు తెరిచిపెడతాడు. కొన్నవాడికి ఆ సంగతి తెలియదు, దాని తాళం మాటేమిటో అసలు తెలియదు. అంగడివాడికి మాత్రం రెండూ తెలుసు. నేనూ అంగడివాణ్ణే కాబట్టి ఈ విషయం ఇంతటితో ఆపుతాను.

సామి పంపిన మొదటి మెయిలు పళ్లు శుభ్రం చేయించుకోండని. దానికి జతపరిచినవి: డాక్టరమ్మ డిగ్రీ కాగితం, క్లినిక్ రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ అనుమతి, బ్రష్ పట్టుకునే పద్ధతి బొమ్మ, బస్టాండు నుంచి క్లినిక్కు దారి. ఆ మెయిలు తెరిచిన ఫోన్లు తెరిచినట్టే బిగుసుకుపోయి నా దగ్గరికి వచ్చాయి. ఆ నెల క్లినిక్ కంటే మా అంగట్లోనే రద్దీ ఎక్కువ.

"సామీ, ఇన్ని తగిలిస్తే ఎవురు తెరుస్తారు? రెండు మాటలు రాసి పంపితే సాలదా?" అన్నాను.

"రెండు మాటలు రాసి పంపితే దాన్ని పలకరింపు అంటారు జియా. ఉత్తరం అనరు. పెద్దమనుషుల్ని పిలిచేటప్పుడు రుజువులు ఉండొద్దా?"

"పన్ను నొప్పికి రుజువెందుకు సామీ?"

"నీకు ఆఫీసు తెలీదులే అప్పా."

ఆయన ఆఫీసులో ఇంకో నియమం ఉండేది. ఒకసారి కవరు అంటించాక మళ్లీ తెరవకూడదు. అంటించిన కవరు తెరిచేవాళ్లు దొంగలైనా కావాలి, ఆడిట్‌వాళ్లైనా కావాలి. అందువల్ల తాను జతపరిచిన ఫైలు లోపల ఎలా ఉందో ఆయన ఏనాడూ తెరిచి చూడలేదు. కాగితం బాగుంటే చాలు, ఫైలు దాని బిడ్డే కదా అని ఆయన లెక్క.

మెయిళ్లు పోతూనే ఉన్నాయి, జనం మాత్రం రావడం లేదు. ఒకరోజు డాక్టరమ్మ ఆయన్ని పిలిచింది. నేను అప్పుడు క్లినిక్‌లో ఫ్యాన్ స్విచ్చి బాగుచేస్తూ ఉన్నాను.

"ముకుందం గారూ, వచ్చే ఆదివారం మన క్లినిక్ పెట్టిన రోజు. ఆ రోజంతా ఉచితంగా చూస్తామని అందరికీ పంపండి. నా ఫొటో పెట్టండి. జతపరిస్తే ఒక్క కాగితమే జతపరచండి. సైజు తగ్గించండి. పోయినసారి సగం మెయిళ్లు ఎనక్కొచ్చినాయి."

"అట్లేనమ్మా."

"ఇంకోటి. ఈసారి కూడా ఎవరూ రాకుంటే, మెయిళ్ల పని బెంగళూరు వాళ్లకే ఇచ్చేస్తా. మీరు ఇంటికాడ విశ్రాంతి తీసుకుందురు."

ఆమె మర్యాదగానే అన్నది. సామి మొహం మాత్రం చెవి పక్కన టపాసు పేలినట్టు అయిపోయింది. మెట్లు దిగి వచ్చి మా అంగడి ముందు నిలబడ్డాడు.

"విశ్రాంతి అంట జియా."

"మంచిదే కదా సామీ. ఇంటికాడ చల్లగా కూర్చో."

"యాడ కూర్చునేది? మొన్న ఆదివారం వంటింట్లో స్టూలు వేసుకుంటే మా ఇంటామె దాన్ని కూడా తీసేసింది. ఈ కుర్చీ పోతే నేను మనిషినే కాదబ్బా. ఇంట్లో పడుండే సామాను."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు. అప్పుడప్పుడు నాకు అలా జరుగుతుంది.

ఆ ఒక్క కాగితం మీద సామి తన సర్వీసంతా ధారపోశాడు. మధ్యలో డాక్టరమ్మ ఫొటో. దాని కింద పెద్ద అక్షరాల్లో "మన ప్రియతమ డాక్టర్ శ్రీమతి వకుళ గారి అమూల్య సేవలను స్మరించుకొనుటకై ఆదివారం ఉదయం పది గంటలకు క్లినిక్ నందు జరుగు కార్యక్రమమునకు ఆప్తులెల్లరూ విచ్చేయ ప్రార్థన" అని కూర్చాడు. ఉచితంగా పళ్లు చూసే సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఉచితం అనే మాటను పెద్దగా రాస్తే మర్యాదగా ఉండదట. ప్రింటు తీసిన తర్వాత, శుభకార్యానికి పిలిచే కాగితం బోసిగా ఉండకూడదని నాలుగు మూలలా పసుపు రాసి, పసుపు మీద దండిగా కుంకుమ అద్దాడు. కాగితం పెళ్లికూతురులా తయారైంది. మా అంగడికి తెచ్చి చూపించాడు కూడా. బాగుంది సామీ అన్నాను. నిజంగానే బాగుంది.

పైకి పోయి దాన్ని స్కాన్ చేశాడు. రంగుల్లో తీస్తే సైజు పెద్దదై మెయిలు మొరాయించింది. సైజు తగ్గించమని డాక్టరమ్మ మాట. ఎప్పుడూ నన్ను కేకేసే మనిషి, ఆ రోజు ఎవరినీ అడగకుండా వెతుక్కుని, నలుపు తెలుపు అనే బొత్తాం నొక్కాడు. సైజు తగ్గింది. జతపరిచాడు. తెరిచి చూడలేదు. అందరికీ పంపాడు.

నలుపు తెలుపులో పసుపు బూడిదలాగా మారింది. దాని మీది కుంకుమ బొగ్గులాగా మారింది. నాలుగు మూలలా నల్లబడ్డ కాగితం, మధ్యలో మనిషి ఫొటో, సేవలను స్మరించుకొనుటకై రమ్మని ప్రార్థన. అలాంటి కాగితం ఏ కబురు మోసుకొస్తుందో మన వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని గడప దాటించరు. వాకిట్లోనే చూసి, అక్కడే చించేస్తారు. అడుగున చిన్న అక్షరాల దాకా చదివే గుండె ఎవరికుంటుంది?

ఈ సంగతి ఆదివారం పొద్దుటి దాకా నాకూ తెలియదు. నేను అంగడి తెరుస్తుంటే ఆటోలోంచి పెంచలయ్యన్న దిగాడు. బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉన్నాయన. నోట్లో పళ్లన్నీ వకుళమ్మ కట్టించినవే. చేతిలో గులాబీల దండ, భుజం మీద తువ్వాలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎట్ల పొయ్యిందబ్బా?"

"ఎవురన్నా?"

"ఇంగెవురు? డాక్టరమ్మ. మొన్న గూడా మంచిగుండె గదప్పా."

ముందటి సాయంత్రమే మా అంగడి ముందు మల్లెపూలు బేరమాడిన డాక్టరమ్మ నా కళ్లముందు మెదిలింది.

"నీకెవురు సెప్పినారన్నా?"

"కాగితమొచ్చె. మా కోడలు ఫోన్లో. నాలుగు మూలలా నలుపు."

"ఏదీ, సూపించు."

"సావు కాగితం ఇంట్లో పెట్టుకుంటారా అబ్బా? ఫోను గడప బయట పెట్టి చెరిపేసినాం. మా కోడలు రోంత పసుపునీళ్లు గూడా సల్లింది. అప్పటినించి అది ఎలగలా. తెచ్చినా, సూడు." తువ్వాలు మూట విప్పి ఫోను నా చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కాడు.

నాకూ వచ్చి, అప్పటిదాకా తెరవని ఆ మెయిలును నా ఫోన్లో తెరిచాను. ఒకసారి చూసి, కూర్చున్నాను. తర్వాత మెట్ల మీద పరిగెత్తాను.

పైన కాలు పెట్టడానికి చోటు లేదు. గోడల వెంట జనం, తలలు వంచుకుని, గుసగుసగా మాట్లాడుతూ. మూలన పెద్ద గిన్నెలో డాక్టరమ్మ చేయించిన పులిహోర ఉంది. ఒక్కరూ ముట్టడం లేదు. చావింట్లో ఎవరు తింటారు? వాళ్ల మధ్య ముకుందం సామి పెళ్లిపెద్దలాగా తిరుగుతున్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. అందరికీ విస్తరాకు చూపించి "తీసుకోండి, మొహమాటం వద్దు" అంటున్నాడు.

గాజుల అంగడి రహమత్ బీ నా చొక్కా లాగింది. "ముసిలాయనకి మతి పొయ్యినట్టుంది జియా. అంత దుఃఖంలో ఎట్ల నగతా ఉండాడో సూడు పాపం."

నేను సామి చెయ్యి పట్టుకున్నాను. "సామీ, రోంత బయటికి రా."

"తర్వాత అబ్బా, తర్వాత. సూసినావా రద్దీ? బంగారుపాళ్యం నుంచి గూడా వచ్చినారు. తగిలిస్తే ఎవురు తెరుస్తారంటివే?"

"అదే సామీ నేను సెప్పేది. నువ్వు తగిలించింది ఉండాది సూడు..."

"కుర్చీలు చాల్లేదు. మీ అంగట్లో స్టూలుంటే తే."

నన్ను పక్కకు నెట్టి, చేతులు జోడించి సభను ఉద్దేశించి, డాక్టరమ్మ వచ్చేలోపల ఆమె గురించి పెద్దలు రెండేసి మాటలు చెప్పాలని కోరాడు. "డాక్టరమ్మ వచ్చేలోపల" అనగానే ఇద్దరు ముసలమ్మలు ఘొల్లుమన్నారు. శవం ఇంకా ఆస్పత్రి నుంచి రావాలేమోనని వాళ్లు అనుకున్నారు.

ముందు రహమత్ బీ లేచింది.

"మూడు కాన్పులకి ఏడవని దాన్ని, పన్నంటే ఏడ్చినా. ఆయమ్మ నా చెయ్యి పట్టుకోని, అంగట్లో ఏం రంగు గాజులొచ్చినాయి రహమత్ బీ అని అడగతా అడగతానే పీకేసింది. బంగారు చెయ్యి. ఆఖర్లోనే..." ఆగింది. "ఇప్పుడు అనగూడదులే."

"అనమ్మా, అను," అన్నాడు సామి, కాగితం మీద కలం పెట్టి. "మంచీ చెడ్డా రెండూ ఉంటేనే రికార్డు."

"ఆఖర్లో ఆ మెయిళ్లు మొదలైనాక ఆయమ్మ మారిపొయ్యింది. ఒక పన్నుకి పోతే నాలుగు పండ్లకి ప్యాకేజీ అనింది. మునుపు నోట్లో సూసేది. ఆ తర్వాత మొగం సూసి అంచనా వేసేది. బయమేసి నేను రావడం మానుకుంటి. ఎదురు మేడకి గూడా పోలేదు, నొప్పి ఓర్చుకుంటా ఉండా. ఒక్క మాట మొగానే సెప్పింటే బాగుండు. పోయినామెకి ఇంగేం సెప్పేది?"

చుట్టూ తలలు ఊగాయి. మాకూ అంతే, మాకూ అంతే అని నాలుగైదు గొంతులు. ముకుందం సామి కలం ఆగింది. పోయినామె అనే మాట ఆయన చెవిలో అప్పుడే దిగింది.

"ఎవరు పోయినారు?" అన్నాడు.

"నేనేనంట," అంది వాకిట్లోంచి డాక్టర్ వకుళ.

పట్టుచీర, జడలో మల్లెపూలు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి వింటోందో తెలియదు. రహమత్ బీ "యా అల్లా" అని పెంచలయ్యన్న వెనక్కి పోయింది. పెంచలయ్యన్న చేతిలో గులాబీ దండ దాచుకునేంత చిన్నది కాదు.

"అమ్మా, నీ కోసరమే తెచ్చినా," అన్నాడు ఆయన. అందులో అబద్ధమేమీ లేదు.

"ఎందుకొచ్చినారు అందరూ?" అంది ఆమె, దండ అందుకుని.

బతికున్న మనిషి ఎదురుగా నిలబడి, నీ చావుకొచ్చినాం అని ఎలా చెబుతారు? పెంచలయ్యన్న బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పన్ను నొప్పమ్మా."

"నీకా పెంచలయ్యా? అవన్నీ నేను కట్టిచ్చినవే కదా."

"అవే అమ్మా. అవే నొప్పి."

అంతే, అందరికీ ఒకేసారి పళ్ల నొప్పి పుట్టింది. ఒకరి తర్వాత ఒకరు బుగ్గలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. నిజంగా నొప్పి ఉన్న రహమత్ బీ మాత్రం అందరికంటే వెనక నిలబడింది, సిగ్గుతో.

డాక్టరమ్మ నన్ను పక్కగదిలోకి పిలిచింది. నేను ఫోను చూపించాను. సామి కూడా వచ్చి చూశాడు. తను జతపరిచిన ఫైలును ఆయన తెరిచి చూడడం అదే మొదటిసారి. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. మూలలు నల్లగానే ఉన్నాయి.

"పసుపే రాసినానమ్మా," అన్నాడు. "నా చేత్తో పసుపే రాసినా. బతికున్న తల్లికి ఇట్లాంటిది..." జేబులోంచి గుండుసూదుల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "రేపటి నుంచి రాను."

"మీరు అనకుంటే నేనే అనేదాన్ని," అంది డాక్టరమ్మ. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "ఊరంతా నన్ను చంపేసినారు కదండీ."

అప్పుడే క్లినిక్ ఫోను మోగింది. ఆమే ఎత్తింది. శ్రీకాళహస్తి నుంచి ఎవరో, కార్యం అయిపోయిందా, సాయంత్రం వస్తే పర్వాలేదా అని అడిగారు.

"నేను వకుళని మాట్లాడతా ఉండా," అంది ఆమె.

అటువైపు ఏదో కింద పడ్డ చప్పుడు. ఫోను తెగిపోయింది. ఇంకో ఫోను వచ్చింది. ఈసారి "అమ్మా!" అనే కేక వినబడి తెగింది. మూడోసారి మోగేసరికి ఆమె కాసేపు దాన్ని చూసి, సామి చేతిలో పెట్టింది.

సామి గొంతు సవరించుకున్నాడు. "నమస్కారమండీ. మాది క్లినిక్ తపాలా విభాగం. మొన్న మేం పంపిన కాగితంలో మూలలకు సంబంధించి ఒక పొరపాటు దొర్లింది. డాక్టరమ్మ క్షేమం. అవునండీ, ఊపిరి తీసుకుంటా ఉండారు. ఇప్పుడే నన్ను తిట్టినారు కూడా." అటువైపు నమ్మడానికి చాలాసేపు పట్టింది, ఈలోగా ఈయన పేషెంట్ల పుస్తకం తిరగేశాడు. "తమరి కింద కుడి పన్ను ఎట్లుండాది? వేడినీళ్లు తగిలితే జివ్వుమంటా ఉందా? అయితే బుధవారం రండి. మీరే కళ్లారా చూసినట్టూ ఉంటాది."

డాక్టరమ్మ వింటూ నిలబడింది. తర్వాత లోపలికి పోయి రహమత్ బీని ముందుకు పిలిచింది.

సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. ప్యాకేజీ అనే మాట ఆ రోజు ఒక్కసారి కూడా వినబడలేదు. పులిహోర గిన్నె ఖాళీ అయింది. పెంచలయ్యన్న ఫోను కోసం కిందికి వచ్చి, దిగులుగా నిలబడ్డాడు.

"నీళ్లు పోసుకోని ఇంట్లోకి పోవాల్నా వద్దా అబ్బా? పోసుకుంటే ఆయమ్మకి దోషం. పోసుకోకుంటే మా ఆడోళ్లు గడప తొక్కనీరు."

"తిరుపతికొచ్చినావు కదన్నా. కపిలతీర్థంలో ముణిగి పో. ఎవురడిగినా పుణ్యానికని సెప్పు."

ఆయన నన్ను దీవించి పోయాడు. జీవితంలో నన్ను దీవించినవాళ్లు తక్కువ.

మరుసటి రోజు దిద్దుబాటు మెయిలు పంపుదామనుకున్నారు గానీ, క్లినిక్ పేరుతో వచ్చేదేదీ ఇప్పుడు ఎవరూ తెరవడం లేదు. కొందరైతే ఆ పేరు చూడగానే ఫోను బోర్లిస్తున్నారు. ఆ ఆదివారం మెయిలును మిగతా అన్నిటికంటే ఎక్కువమంది తెరిచారనీ, ఆ కాగితం నమూనా పంపితే మిగతా ఊళ్ల క్లినిక్‌లకు కూడా వాడుకుంటామనీ బెంగళూరు కంపెనీ రాసింది. డాక్టరమ్మ వాళ్లకు జవాబు ఇవ్వలేదు. వాళ్లను సలహా అడగడం కూడా మానేసింది. ఆమె చచ్చిపోయిందనుకున్న ప్రతి పేషెంటుకూ ఫోను చేసి బతికుందని చెప్పాలి. ఆమె చెబితే దయ్యమనుకుని పెట్టేస్తున్నారు. నేను చెబితే, నా సంగతి తెలిసినవాళ్లు కాబట్టి, అసలు నమ్మరు. చావు కబురు పంపిన మనిషే దాన్ని వెనక్కి తీసుకోవాలి.

అందుకని ముకుందం సామి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. కబురు వెనక్కి తీసుకోవడం అంత తొందరగా అయ్యే పని కాదు. ముందు క్షేమసమాచారం, తర్వాత క్షమాపణ, తర్వాత పన్ను సంగతి, తర్వాత వాళ్లింట్లో మిగతావాళ్ల పళ్ల సంగతి. రోజుకు కొద్దిమంది కంటే తెమలరు. తెమిలినవాళ్లు మాత్రం డాక్టరమ్మను కళ్లారా చూసుకోవడానికి వస్తూనే ఉన్నారు.

మొన్న కోమలవల్లమ్మ మా అంగడికి వచ్చింది. మొహంలో దిగులు.

"జియా, ఇంకా ఎంతమందికి సెప్పాల్నంట?"

"శానామంది మిగిలినారమ్మా. చిత్తూరు వైపు ఇంకా మొదలే పెట్టలేదు."

ఆమె దిగులు తగ్గింది. "మెల్లిగానే సెప్పమను నాయనా. పాపం, వాళ్లు గూడా తట్టుకోవాల గదా."